పసుపు కలిపిన సీసా

కిందటి నెల మా సయామా పోయి ఏడాదైందని భిక్షువులకు భోజనాలు పెట్టారు. సయామా అంటే బర్మా భాషలో పంతులమ్మ. ఆడ డాక్టర్లనూ అలాగే పిలుస్తారు. భిక్షువులు వెళ్ళాక మిగిలినవాళ్ళం చాపల మీద కూర్చుని టీ తాగుతున్నాం. నా పక్కన మా బావ. మా మధ్య రక్తసంబంధమేమీ లేదు, ఒక వీధివాళ్ళం కనుక ఒకరినొకరం బావా అనుకుంటాం. సేక్కాన్ రేవులో ముప్ఫై ఏళ్ళు క్రేన్ నడిపి దిగినవాడు. నెమ్మదిగా మాట్లాడినా ఆయన గొంతు గోదాము అవతలికి వినిపిస్తుంది.

"మా సయామా ఎంత పెద్దావిడైనా నా కాడ ఒక తప్పు సేసింది. నా ముక్క పాడు సేసీసింది. సేస్తే ఏటైపోనాది, తనే మల్లీ దిద్దింది. అలాటోల్లు ఇప్పుడేరీ?" అన్నాడు. మా తెలుగువాళ్ళు కానివాళ్ళకు కూడా తెలియాలని అదే మాట బర్మాలోనూ చెప్పాడు.

అందరూ తలలూపారు. సయామా చెల్లెలు నవ్వుతూ తల వంచుకుంది. నేనూ తలూపి టీ తాగాను.

ఆ తప్పు ఆవిడది కాదు, నాది. పాతికేళ్ళుగా ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కణ్ణి మిగిలాను. ల్యాబుల్లో చేరిన మన పిల్లలు సంఘం పత్రికకి నా ఉద్యోగం గురించి ఏదైనా రాయమని అడుగుతూ ఉంటారు. ఎప్పుడు కూర్చున్నా మైక్రోస్కోపు తుడవడం గురించో, బ్లేడు పదును పెట్టుకోవడం గురించో ఒక పేజీ రాసి ఆపేసేవాణ్ణి. ఈసారి ఇది రాస్తున్నాను.

చౌక్తడాలో కోర్టు వెనక సందులో మూడంతస్తుల పాత భవనం ఒకటి ఉండేది. అందులో ధర్మాసుపత్రి, పై అంతస్తులో మా ల్యాబు. అప్పటికింకా ఊరి పేరు రంగూనే. మా తాత రేవులో బస్తాలు మోశాడు, మా నాన్న రేవు ఆఫీసులో ప్యూను, మా ఇంట్లో తెల్లకోటు వేసుకున్న మొదటివాణ్ణి నేను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఒంట్లోంచి తీసిన ముక్క కుళ్ళిపోకుండా ద్రావణంలో ఊరబెట్టి, మైనంలో పోసి, పొర కన్నా పల్చగా కోసి, రంగులద్ది గాజుపలక మీద నిలబెట్టడం నా పని. దాన్ని చూసి ఏముందో చెప్పడం సయామా పని.

ఆవిడకి అప్పటికి నలభై దాటాయి. పొట్టి మనిషి, చెవి వెనక ఎప్పుడూ పెన్సిలుండేది. నన్ను 'మాంగ్‌లే' అనేది, తమ్ముడా అని. నేను పని పాడుచేస్తే గొంతు పెంచేది కాదు. ఆ పలక మైక్రోస్కోపు కింద పెట్టి, "నువ్వే చూడు" అని, నేను చూస్తున్నంతసేపూ తన టీ తాను తాగుతూ కూర్చునేది. దానికన్నా రెండు తిట్టినా బాగుండుననిపించేది.

బావకి పెళ్ళై తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు. ఆయన భార్యని నేను అప్ప అంటాను, అక్క అని. అప్పని అప్పటికి ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తిప్పారు, ట్వంటేలో ఎవరో మందిస్తారంటే పడవెక్కించి అక్కడికీ తీసుకెళ్ళారు. బావని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. ఒకసారి మా ల్యాబుకి రమ్మని నేనే అడిగాను.

"నాకేటి? బస్తాలాగున్నాను" అన్నాడు.

"బస్తాకి పిల్లలు పుడతారేటి? ఎల్లు" అంది అప్ప.

పరీక్షలో వీర్యంలో ఒక్క కణం కూడా కనిపించలేదు. మా ఆసుపత్రి సర్జన్ పెద్దాయన. బావని కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పాడు. తయారీయే లేకపోవచ్చు. లేదా తయారీ బాగానే ఉండి దారి మూసుకుపోయి ఉండొచ్చు. కుర్రతనంలో ఒకసారి జ్వరంతో కింద వాచిందన్నావు కదా, అలాంటప్పుడు గొట్టం పూడిపోతుంది. దారే మూసుకుపోతే కోసి కలపొచ్చు. ఏ సంగతీ తేలాలంటే వృషణంలోంచి గింజంత ముక్క తీసి చూడాలి. "తయారీ జరుగుతోందని పైనుంచి డాక్టరమ్మ రాసిస్తే ఆపరేషన్ చేస్తాను. లేదంటే నీ మీద కత్తి పెట్టను."

మాకు తెలిసినంతలో ఆ ఊళ్ళో అంత సన్నటి కుట్లు వేయగలిగింది ఆయనొక్కడే. తడింజుట్ దీపాల పండగ వెళ్ళగానే ఉద్యోగం వదిలి మాండలేలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. అంటే బావకి ఉన్న గడువు అంతే.

ముక్క తియ్యడానికి ముందు రక్తం కూడా కావాలని సయామా అడిగింది. బావకి నచ్చలేదు.

"బాద కింద ఉంటే సేతిలో రక్తమెందుకండీ?" అన్నాడు. రేవు బర్మాలో అన్నాడనుకోండి, నాకు మాత్రం ఆయన ఏ భాషలో మాట్లాడినా ఇలాగే వినిపిస్తుంది.

"నువ్వేం పని చేస్తావు?" అని అడిగిందావిడ.

"క్రేను."

"ఓడ అడుగున ఉన్న సరుకు నీకు పైనుంచి కనిపిస్తుందా?"

"కనపడదు. హాచ్ కాడ, ఓడ నోటి కాడ, ఒకడు నిలబడతాడు. ఆడికి కింద అంతా కనపడతాది. ఆడు సేత్తో సైగ సేస్తే దింపుతాను, సాలంటే ఆపుతాను."

"అతను జవాబివ్వకపోతే?"

"హారన్ కొడతాను. మల్లీ కొడతాను. ఎక్కడ సచ్చేవురా అని కొడతానే ఉంటాను."

సయామా చెవి వెనక పెన్సిలు తీసి, చీటీ వెనకవైపు బొమ్మ గీసింది. మెదడు కింద చిన్న గ్రంథి ఉంది, అది నీ క్రేను. రక్తంలోకి రెండు హార్మోన్లు వదులుతుంది. కింద వృషణమంతా దారాల్లాంటి గొట్టాలు. గొట్టాలకీ గొట్టాలకీ మధ్య ఉన్న కణాలు మొదటి హార్మోన్ తగలగానే మగ హార్మోన్ తయారుచేస్తాయి. గొట్టాల లోపల దాదుల్లాంటి కణాలు గోడకి ఆనుకుని నిలబడి ఉంటాయి. రెండో హార్మోన్, దాన్నే ఎఫ్.ఎస్.హెచ్. అంటాం, వాటి కోసం వస్తుంది. బీజకణాలున్నాయే, అవి పసిపిల్లలు. ఏ హార్మోన్ మాటా వాటికి నేరుగా అందదు. పక్కింటి మగ హార్మోనైనా, పైనుంచి వచ్చిన ఎఫ్.ఎస్.హెచ్. అయినా వచ్చి తట్టేది దాది తలుపే. దాది విని, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని పెంచుతుంది. పని సాగుతున్నంతకాలం, చాలు, అందింది అని పైకి కబురు పంపుతుంది. అందుకని ఎఫ్.ఎస్.హెచ్. హద్దులో ఉంటుంది. ఒళ్ళో పిల్లలే లేకపోతే కబురు తగ్గిపోతుంది. అప్పుడు పైవాడు హారన్ కొడుతూనే ఉంటాడు, రక్తంలో ఎఫ్.ఎస్.హెచ్. పెరిగిపోతుంది.

బావ ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "అయితే రక్తంలో నా హారన్ ఇంటారన్నమాట" అని చెయ్యి చాపాడు. ఆ చీటీ ఇప్పటికీ ఆయన దగ్గరుంది.

ఆ హారన్ వినడానికి ఒక కిట్ కావాలి. విదేశం నుంచి విమానంలో రావాలి. దాంట్లో రేడియోధార్మిక అయోడిన్ ఉంటుంది, రెండు నెలలకోసారి దాని బలం సగం సగం పడిపోతుంది కనుక దాచుకోవడం కుదరదు. వానలకి ముందు వచ్చిన కిట్లో కొన్ని పరీక్ష గొట్టాలు మిగిలి, గడువు దాటి ఫ్రిజ్‌లో పడున్నాయి. కొత్తది వచ్చాక చేద్దామనుకున్నాం.

కొత్తది రాలేదు. ఎనభై ఎనిమిది ఆగస్టులో, ప్రభుత్వం దిగిపోవాలని ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఆసుపత్రి కింది అంతస్తు గాయపడ్డవాళ్ళతో నిండిపోయింది. ల్యాబువాళ్ళం కూడా స్ట్రెచర్లు పట్టాం. సెప్టెంబరులో సైన్యం పగ్గాలు పట్టింది. ఆ తరవాత ఊరు మీద మూత పెట్టినట్టయింది. విమానాలు లేవు, ఉత్తరాలు లేవు. కిట్ కోసం మేమిచ్చిన టెలెక్స్‌కి జవాబు లేదు, ఇంకొకటిచ్చాం, దానికీ లేదు. కరెంటు ఉన్నప్పుడు ఉండేది. సయామా మైక్రోస్కోపుని కిటికీ దగ్గరికి జరిపి, అద్దంతో ఎండని లోపలికి తిప్పుకుని చూసేది.

ఇక నా సంగతి. వృషణం ముక్కని ఊరబెట్టడానికి మామూలు ఫార్మలిన్ పనికిరాదు. అందులో వేస్తే గొట్టాలు ముడుచుకుపోతాయి, లోపలి కణాలు గోడ వదిలి రాలిపోతాయి. దానికి వేరే ద్రావణం కలుపుకోవాలి, పసుప్పచ్చగా ఉంటుంది, పిక్రిక్ ఆమ్లం అనే పొడితో చేస్తారు. ఆ పొడి ఎండిపోతే పేలుతుంది. అందుకని సయామా దాన్ని జాడీలో నీళ్ళ కింద ఉంచేది, వారానికోసారి నీళ్ళు సరిచూసేది. తడిగా ఉన్నంతకాలం భయం లేదు, కలిపి పెట్టిన ద్రావణానికి అసలే లేదు. ఇవన్నీ నాకు చెప్పింది కూడా.

కాని ఆ రోజుల్లో టీ దుకాణంలో ఒక మాట పుట్టింది. సైనికులు ల్యాబులూ ఫొటో స్టూడియోలూ వెతుకుతున్నారట, పేలే పదార్థాలు దొరికితే ఉన్నవాళ్ళని ఉన్నట్టు పట్టుకుపోతున్నారట. చూసినవాడు ఒక్కడూ లేడు, అందరూ విన్నవాళ్ళే. నేను ఇక్కడే పుట్టాను, మా నాన్నా ఇక్కడే పుట్టాడు. అయినా నా జేబులో ఉన్నది విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు. అలాంటి కార్డున్నవాడి చేతి కింద జాడీ నిండా మందుగుండు దొరికితే, అది నీళ్ళలో ఉందా ఎండిందా అని ఎవరు అడుగుతారు? మనవాళ్ళని దేశం వదిలి పొమ్మన్నప్పుడు మా చిన్నాన్న ఒక్క పెట్టెతో ఓడెక్కి వెళ్ళిపోయిన రోజు నేను చిన్నపిల్లవాణ్ణి, కాని ఆ పెట్టె రంగు కూడా నాకు గుర్తు. సయామాని అడగొచ్చు. అడిగితే పారెయ్యొద్దంటుందని అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ కింద గాయాల దగ్గర ఉన్నప్పుడు జాడీ సింకులో ఖాళీ చేసి, కలిపి పెట్టిన ద్రావణం కూడా అందులోనే పారబోసి, బకెట్లతో నీళ్ళు కొట్టాను. పాత లోహపు మురుగు గొట్టాల్లో అది పొయ్యడమే అన్నిటికన్నా ప్రమాదమని ఎన్నో ఏళ్ళ తరవాత ఒక పుస్తకంలో చదివి, కూర్చున్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఖాళీ సీసా కనిపిస్తే అడుగుతుంది. కాబట్టి నింపాలి. ఫార్మలిన్‌కి రంగుండదు. ఇంటికెళ్ళి అమ్మని పసుపు అడిగాను.

"ఆస్పత్రిలో పసుపేటికిరా?"

"దెబ్బలకమ్మా."

ఊళ్ళో అన్ని దెబ్బలు చూస్తున్న మనిషి, ఇంకేమీ అడగలేదు. రెండు దోసిళ్ళు పొట్లం కట్టి, "సాలకపోతే మల్లీ సెప్పు, పక్కోల్లనడుగుతాను" అంది. మరునాడు ఫార్మలిన్‌లో పసుపు కలిపి, గుడ్డలో వడగట్టి, పాత చీటీ ఉన్న సీసాలోనే పోశాను. ఒక సైనికుడు నిజంగానే మా ల్యాబుకి వచ్చాడు, పది రోజుల తరవాత. కడుపులో ఏలికపాములున్నాయేమో చూడమని డబ్బా పట్టుకుని వచ్చాడు. చూసి పంపించాం.

అక్టోబరు మొదట్లో సర్జన్ బావకి ముక్క తీశాడు. కింది నర్సు ఆ సీసా అడిగితే నేనే చేత్తో అందించాను. ఈ ఒక్క రోగికేగా, ఏమంత తేడా వస్తుందిలే అనుకున్నాను. ఆ ఒక్క రోగి ఎవరో నాకు తెలుసు.

స్లయిడు అధ్వాన్నంగా వచ్చింది. గొట్టాలు ముడుచుకుపోయి ఖాళీగా ఉన్నాయి, గోడలకి అక్కడక్కడ దాది కణాలు అంటుకుని ఉన్నాయి, మధ్యలో ఏదో మురికి. కరెంటు లేదు, మబ్బు పట్టింది. సర్జన్ కింది నుంచి రెండుసార్లు మనిషిని పంపాడు, వెళ్ళేలోగా తన జాబితా తేల్చుకోవాలట. సయామా చాలాసేపు చూసి, ఇష్టం లేకుండానే రాసింది: దాది కణాలు తప్ప బీజకణాలు కనిపించడం లేదు. సర్జన్ బావ పేరు కొట్టేశాడు.

సాయంత్రం బావ పైకి వచ్చి ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. "పోనీలే బావా. మీ అప్పకి నానే సెప్పుకుంటాను" అన్నాడు. అప్ప మెట్ల మీద కూర్చుని ఉంది, అంతా వినేసింది. "తొమ్మిదేళ్ళు నన్ను తిప్పేరు" అంది. కోపంగా అనలేదు. ఆ మాటకి బావ కూడా ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరూ మా కాపలాదారు తాళం వేస్తానన్నదాకా అలాగే కూర్చున్నారు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి సయామా ఆ స్లయిడు ముందే ఉంది. "మాంగ్‌లే, ఇతన్ని నేను స్వయంగా పరీక్షించాను. వృషణాల సైజు బాగుంది, గట్టిగా ఉన్నాయి. గొట్టాలన్నీ ఖాళీ అయితే అలా ఉండవు. నాకీ స్లయిడు మీద నమ్మకం లేదు. హారన్ విందాం" అంది.

"కిట్ గడువు దాటింది కదా సయామా."

"బలం తగ్గింది, పోలేదు. ఒక నిమిషం లెక్కపెట్టే చోట పది నిమిషాలు లెక్కపెడదాం."

మళ్ళీ రక్తం తీశాం. ఫ్రిజ్‌లో మిగిలిన గొట్టాలు సరిగ్గా సరిపోయాయి, ఒక్కటి ఒలికినా మరొకటి లేదు. మూడు రోజులు పట్టింది. లెక్కపెట్టే మిషను కరెంటుతో నడుస్తుంది. మూడో రోజు పొద్దున్న కరెంటు వచ్చింది. ఒక్కో గొట్టానికి పది నిమిషాలు. సయామా మిషను పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని అంకెలు రాసుకుంది. నేను గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాను. ఆ మూడు గంటల్లో కరెంటు పోకూడదని ఆవిడ బుద్ధుణ్ణి మొక్కుకుందేమో తెలియదు. పోవాలని నేను మొక్కుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కాని రాస్తానని కూర్చున్నాను కనుక రాస్తున్నాను.

బావ అంకె సరిగ్గా హద్దు మధ్యలో వచ్చింది.

"సగం దారిలో ఆగిపోయే జబ్బుల్లో కూడా ఇది హద్దులో ఉండొచ్చు. కాని అన్ని గొట్టాలూ ఖాళీ అని మన స్లయిడు చెప్తోంది. అంత ఖాళీ అయితే ఈ అంకె రెండింతలో మూడింతలో ఉండాలి. లోపలినుంచి ఎవరో జవాబిస్తున్నారు" అంది సయామా. తరవాత, "స్లయిడే అబద్ధం చెప్తోంది" అని లేచి సీసాల అల్మరా ఉన్న గదిలోకి వెళ్ళింది.

కుళాయి చప్పుడు వినిపించింది. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తెల్ల తువ్వాలు మీద ఎర్రటి మరక.

పసుపు చేతిని సబ్బుతో కడిగితే ఎర్రబడుతుందని పసుపు నూరిన ఏ ఇంట్లోవాళ్ళకైనా తెలుసు. పిక్రిక్ పసుపు అలా మారదు, వారం రోజులు గోళ్ళకి అంటుకుని ఉంటుంది. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అయినా, తమలపాకులు నమిలి మూతి తుడుచుకుందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. ఆవిడ ఆకు నమలదని నాకు తెలుసు.

నా వైపు చూసింది. "మాంగ్‌లే, ఆ సీసాలో ద్రావణం పాడైంది. పారబోసి కడిగెయ్" అంది. అంతే. తన టిఫిన్ క్యారియరు తీసుకుని, "మెడికల్ కాలేజీలో నా స్నేహితురాలి దగ్గర మంచిది ఉంటుంది, తెస్తాను" అని వెళ్ళిపోయింది. బస్సులు లేవు. నడిచి వెళ్ళింది. మధ్యలో మూడు చోట్ల సైనికుల తనిఖీ. కర్ఫ్యూకి ముందే తిరిగొచ్చి, పై గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో చేపకూర, అడుగు గిన్నెలో మూత బిగించిన చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. అసలైన పసుప్పచ్చ రంగు. నేను భయపడి పారబోసిన ద్రావణమే, ఆవిడ ఒళ్ళో పెట్టుకుని సైనికుల ముందునుంచి తెచ్చింది.

సర్జన్‌కి ఒక ఉత్తరం రాసి నా చేతికే ఇచ్చి పంపింది. మడత పెట్టలేదు, కనుక చదివాను. మొదటి ముక్క ఊరబెట్టిన ద్రావణం కలపడంలో తన పొరపాటు జరిగిందనీ, తన నివేదికని వెనక్కి తీసుకుంటున్నాననీ, దయచేసి రెండో ముక్క తీయాలనీ రాసింది. సర్జన్ కేకలేశాడు. రోగిని రెండుసార్లు కోయించిన డాక్టరు అన్నాడు. కాని తీశాడు.

ఆ స్లయిడు నా జీవితంలో చేసిన వాటిలో అన్నిటికన్నా జాగ్రత్తగా చేశాను. సయామా చూసి, లేచి, కుర్చీ నాకిచ్చింది. "నువ్వే చూడు" అంది. ఈసారి టీ తాగలేదు, నా వెనకే నిలబడింది. గొట్టం గోడ నుంచి మధ్యదాకా వరసలు వరసలుగా కణాలు, దాదుల ఒళ్ళో గుచ్చుకున్నట్టు పొడుగు తలలు, వాటి తోకలు. గుంపులు గుంపులు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చి కటకం మసకబారింది. ఆవిడ తువ్వాలు అందించింది. అదే తువ్వాలు, ఉతికినా మరక ఇంకా ఉంది.

పండగకి నాలుగు రోజుల ముందు ఆపరేషన్ జరిగింది. రెండేళ్ళకి పాప పుట్టింది. ఇప్పుడు చౌక్తడాలో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తోంది, నన్ను మావయ్యా అంటుంది, నా తెలుగుని వెక్కిరిస్తుంది, తనది అంతకన్నా అన్యాయం.

సయామా సంగతి వేరు. ఆ ఉత్తరం ఆసుపత్రి కమిటీ దాకా వెళ్ళింది. మరుసటి ఏడు ల్యాబు పెద్దగా ఆవిణ్ణి వేస్తారని అందరం అనుకున్నాం. బయటినుంచి ఇంకొకాయన్ని తెచ్చారు. ఆయన కింద పన్నెండేళ్ళు పనిచేసింది. నాకు మాత్రం ప్రమోషన్ వచ్చింది, సిఫారసు చేసింది ఆవిడే.

ఆవిడ పని మానేసిన రోజు ఇంటిదాకా సామాను మోసుకెళ్ళాను. మూడో అంతస్తు. టీ ఇచ్చింది. "సయామా, ఆ సీసా..." అన్నాను.

"మా అమ్మ వంటింట్లోనూ పసుపు ఉండేది, మాంగ్‌లే" అంది.

"మరి ఎందుకు రాశారు అలాగ?"

"నీ పేరు రాస్తే ఆ నెలలో ఎవరూ స్లయిడు గురించి అడిగేవారు కాదు. జాడీలో పొడి ఎక్కడికి పోయిందని అడిగేవారు. పారబోశానంటే నమ్మేవారా నిన్ను? నా పేరైతే కోప్పడి వదిలేస్తారు."

"ఇప్పుడు చెప్పనా అందరికీ?"

"నీకు భయం పోయాక చెప్పు" అంది.

భయం ఆ తరవాత రెండు మూడేళ్ళకే పోయింది. చెప్పకపోవడం అలవాటైపోయింది. యాభై దాటి, చూపు తగ్గి నేనూ పని మానేశాను. మన పిల్లలు కొందరు ఇప్పుడు నన్ను పెద్దాయనంటున్నారు. మీరు నేర్చుకోవలసిన చెయ్యి నాది కావచ్చు, మనిషి మాత్రం ఆవిడ.

అన్నదానం అయిన తరవాతి ఆదివారం బావ ఇంటికి వెళ్ళాను. భోజనాల వేళ. కూర్చోబెట్టి అప్ప వడ్డిస్తోంది. ముద్ద నోట పెట్టకముందే అంతా చెప్పేశాను, పొడి, పసుపు, తువ్వాలు, ఉత్తరం. అప్ప గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బావ కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు. ఒక్కసారి కొట్టినా నేను తేలికపడేవాణ్ణి.

"పాప పుట్టినరోజుకల్లా అరటిగెల పట్టుకుని ఆవిడింటి మూడంతస్తులూ ఎక్కీవోణ్ణి" అన్నాడు చివరికి. "ఎల్లి ఆవిడ ముందు కూకుని ఏటనీవోణ్ణో తెలుసా? 'సయామా, పాతది మనసులో ఎట్టుకోకండి. తప్పులందరికీ జరుగుతాయి. నాను సమించీసేను' అనీవోణ్ణి. ప్రతీ ఏడూను. ఆవిడ నవ్వీసి పళ్ళు పుచ్చుకునేది."

"డాట్రమ్మని సమించడానికి నువ్వెవుడివని నాను అడగలేదేటి?" అంది అప్ప.

"అడిగేవు."

"ఇన్నావేటి?"

బావ చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "నీ బయం నాకు తెలుసు బావా. నా జేబులోనూ అదే కార్డు. పొడి పారబోసినందుకు నిన్నేటీ అనను. మల్లీ కోసినందుకూ అనను, దానివల్లే పాప ఉన్నాది. కానీ పైన కూకున్నోడికి కింద ఏటున్నాదో కనపడదు. సైగ ఎలాగొస్తే అలాగే ఎత్తేను పాతికేళ్ళు. హాచ్ కాడ నిలబడ్డోడివి నువ్వు."

అప్ప నా పళ్ళెంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది. "తిను తమ్ముడూ. తిని ఎల్లి ఆవిడ సెల్లికి సెప్పు, మాకు కాదు" అంది.

వచ్చే ఆదివారం పాప పుట్టినరోజు. సయామా చెల్లెలు ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటోంది. ముగ్గురం వెళ్తున్నాం, పాప కూడా వస్తానంది. రాసిన ఈ కాగితాలు ముందు ఆవిడకి చదివి వినిపించి, ఆ తరవాతే పత్రికకి ఇస్తాను. ఆ రోజు నేను ఇంటికి బయల్దేరుతుంటే బావ గుమ్మం దాకా వచ్చాడు.

"గెల నాను కొంటాను" అన్నాడు. "మెట్లెక్కి మోసుకొచ్చేది మాత్రం నువ్వే."